పురిటికి రావద్దని రాశాను

1958 నవంబరు 2, ఆదివారం

ఈసారి కూడా గిన్నె తీసుకోలేదు. ప్రభువు బల్ల దగ్గర మోకరించాను, రొట్టె తీసుకున్నాను. అయ్యగారు ద్రాక్షరసం గిన్నె పట్టుకుని నా ముందుకు రాగానే తల దించేశాను. ఆయన ఒక్క క్షణం ఆగి పక్కామె దగ్గరికి వెళ్ళారు. అందరికీ అదొక్కటే గిన్నె. నా తరవాత ఇంకా ముప్ఫైమంది దానికి పెదవులు పెట్టాలి.

గుడి బయట ఆడవాళ్ళ చూపులు. గిన్నె తీసుకోని మనిషి ఏదో పాపం దాచుకున్నట్టే లెక్క. అనుకోనీ. అసలు సంగతి తెలియడం కంటే పాపాత్మురాలు అనిపించుకోవడమే నయం.

నవంబరు 3

దగ్గు మొదలై ఇది మూడో చలికాలం. మొదటి ఏడు జలుబన్నాను. రెండో ఏడు బడిలో సుద్దముక్కల దుమ్ము అన్నాను. ఈ ఏడు ఏ పేరూ పెట్టడం లేదు. మా ఆయనకూ ఇలాగే మొదలైంది... పొద్దున్నే, మంచం దిగకముందే. క్షయతో ఆయన పోయి పదకొండేళ్ళు. రెండేళ్ళు దగ్గరుండి చేసినదాన్ని, ఆ దగ్గు నాకు తెలియదా!

రుమాలు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. రక్తం లేదు. ఇవాళ లేదు.

నవంబరు 6, గురువారం

నాలుగో తరగతి. పదమూడో ఎక్కం. ఒకప్పుడు ఒక్క ఊపిరిలో మొదటి నుంచి చివరిదాకా చెప్పి పిల్లల్ని హడలగొట్టేదాన్ని. ఇవాళ పదమూడు నాలుగుల దగ్గర ఆగిపోయాను. బల్ల పట్టుకున్నాను. నేను పరీక్ష పెడుతున్నాననుకుని పిల్లలంతా "యాభై రెండూ" అని ఒకటే అరుపు. భలే అన్నాను. మిగతాది మీరే చెప్పండన్నాను. కుర్చీలో కూర్చుని వింటున్నట్టు నటించాను. చెవుల్లో నా గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

నవంబరు 8

నా కంచం, నా గ్లాసు వేరుగా పెట్టుకున్నాను. ఇంట్లో ఉన్నదే నేనొక్కదాన్ని. ఎవరి నుంచి వేరు? నవ్వొచ్చింది. నవ్వితే మళ్ళీ దగ్గు.

నవంబరు 10, సోమవారం

జగ్గయ్యపేట నుంచి సరోజ ఉత్తరం. నాకున్నది ఈ ఒక్క కూతురు. "అమ్మా, ఏడో నెల వచ్చింది. క్రిస్మస్‌కి ముందే పుట్టింటికి వెళ్ళమంటున్నారు మా అత్తగారు. నీ చేతి చారు తాగాలనుంది." నాలుగుసార్లు చదివాను.

తొలి పురుడు. పుట్టింట్లో జరగాలి. ఎవరింట్లోనైనా అంతే, మాటాడుకోవలసిన పని కూడా ఉండదు. కాని ఈ ఇల్లు రెండు గదులు. ఏ మూల పడుకోబెట్టినా నా ఊపిరి ఆ పసిగుడ్డుకు తగులుతుంది.

నవంబరు 12

రాసేశాను. బడిలో ఇన్‌స్పెక్షన్ ఉందనీ, సెలవు ఇవ్వరనీ, ఇంటి పెంకులు మార్చాలనీ. "పురుడు అక్కడే పోసుకో తల్లీ" అని చివర. ముందు పెన్సిలుతో రాసి తరవాత సిరాతో దిద్దాను, చెయ్యి వణుకు తెలియకుండా. పోస్టులో వేసి వచ్చి ఏడ్చాను. ఏడిస్తే దగ్గు వస్తుంది. అందుకని అదీ పూర్తిగా ఏడవలేదు.

నవంబరు 16

జవాబు లేదు.

నవంబరు 20, గురువారం

అల్లుడు జోసెఫ్ వచ్చాడు. చెప్పాపెట్టకుండా, మొదటి బస్సుకి. మెట్ల కింద నిలబడ్డాడు. నేను తలుపు రెక్క పట్టుకుని లోపలే ఉన్నాను.

"మా వల్ల ఏం తప్పు జరిగిందండీ అత్తయ్యగారూ?"

"తప్పేం లేదు బాబూ..."

"సరోజ సరిగ్గా తిని నాలుగు రోజులైందండి. తల్లి బతికుండి అత్తారింట్లో పురుడేంటి, జనం ఏమనుకుంటారని మా అమ్మ ఒకటే గొడవ."

ఇన్‌స్పెక్షన్ అన్నాను. పెంకులన్నాను. అతను కప్పు వైపు చూశాడు. పెంకులు శుభ్రంగా ఉన్నాయి.

లోపలికి రమ్మనలేదు. నా ఇంటి గ్లాసుతో అతనికి మంచినీళ్ళు ఎలా ఇవ్వను? అల్లుడు నా గడప ముందు నుంచి దాహంతో వెళ్ళిపోయాడు. ఈ మాట రాస్తుంటే సిగ్గుతో ముఖం మండిపోతోంది.

నవంబరు 21

పక్కింటి మస్తాన్ బీ గోడ మీంచి అంతా విన్నదట.

"ఏందక్కా, అల్లుణ్ణి ఎండలో నిలబెట్టి పంపిచ్చావంట?"

చెప్పేశాను. ఒక మనిషికి చెప్పడం ఇదే మొదలు. చెప్పి, వెనక్కి జరుగుతుందని ఎదురుచూశాను. జరగలేదు.

"డాక్టరుకి చూపిచ్చుకోకుండానే నీ జబ్బు నువ్వే రాసేసుకున్నావా పంతులమ్మా! మా ఆయన తోలే బస్సులోనే పోదాం బెజవాడ. నేనొస్తా."

వద్దన్నాను. అదేనని తేలితే బడికి రానివ్వరు. బడి పోతే ఈ ఇల్లూ పోతుంది, ఇది బడి ఇల్లేగా. తేలనంతకాలం నేను పంతులమ్మను.

"అట్టాగే కూచో. నీ మనవడో మనవరాలో పుట్టినాక కూడా తలుపెనకాల నుంచే చూడు" అని వెళ్ళిపోయింది.

ఆ మాట గుచ్చుకుంది.

డిసెంబరు 2, మంగళవారం

బెజవాడ వెళ్ళాం. ఎక్స్‌రే తీశారు. చల్లటి పలకకు రొమ్ము ఆనించి నిలబెట్టారు. "ఊపిరి పీల్చి బిగబట్టండమ్మా." బిగబట్టలేకపోయాను. మూడుసార్లు తీశారు. మూడోసారి ఎక్స్‌రే తీసే కుర్రాడి గొంతులో విసుగు పోయి జాలి వచ్చింది. విసుగే బాగుంది. శుక్రవారం రమ్మన్నారు.

డిసెంబరు 3

భయం. ఇంకేం రాయను.

డిసెంబరు 5, శుక్రవారం

"క్షయ కాదమ్మా."

డాక్టరుని ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పాడు. మంచివాడు.

తరవాత అడిగాడు, కట్టెల పొయ్యి మీద ఎన్నేళ్ళ నుంచి వండుతున్నారని. తొమ్మిదో ఏట నుంచి. అంటే నలభై ఏడేళ్ళు. పిడకలు, పత్తికట్టె, కందికట్టె, వానాకాలం ఏది దొరికితే అది. చుట్ట తాగుతారా అన్నాడు. నేనా, అని కోపం వచ్చింది. "మీరు తాగక్కర్లేదమ్మా, ఆ పొయ్యే తాగించింది" అన్నాడు. ఊపిరితిత్తులు సాగి వదులైపోయాయట. పీల్చిన గాలి బయటికి పోదట. "ఎవరికీ అంటదు. అయితే తగ్గేది కూడా కాదు. పొగకి దూరంగా ఉండండి."

బస్సులో ఇద్దరం స్తోత్రాలే స్తోత్రాలు, నా దేవుడికి నేను, తన దేవుడికి మస్తాన్ బీ. అల్లుడికి మంచినీళ్ళు ఇవ్వొచ్చు, బిడ్డను ఎత్తుకోవచ్చు! కంచికచర్ల దాటాక గాని "తగ్గేది కాదు" అన్న మాట నా చెవికి చేరలేదు.

డిసెంబరు 6

సరోజకు రాశాను. ఈసారి సిరాతోనే. వణుకు వణుకులాగే ఉంచాను.

డిసెంబరు 7, ఆదివారం

గిన్నె తీసుకున్నాను. గుడి బయట ఎవరో, "మొత్తానికి మారుమనస్సు పొందింది" అని. పొందాను తల్లీ, బెజవాడలో.

డిసెంబరు 16, మంగళవారం

సరోజ వచ్చింది. పెట్టె దించి, చెప్పులు విప్పి, అప్పుడు మొదలుపెట్టింది.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా? నాన్న మంచంలో ఉన్నప్పుడు నేనేమన్నా పారిపోయానా?"

"నీకు పదకొండేళ్ళే అప్పుడు."

"ఇప్పుడు ఇరవై రెండు. ఇంకా అబద్ధాలేనా?"

తిట్టనిచ్చాను. తిట్టి, చారు తాగింది.

సాయంత్రం బావి నుంచి బిందె తెస్తూ రెండుచోట్ల ఆగాను. చూసింది. వచ్చి బిందె అందుకోబోయింది, ఎనిమిదో నెల పొట్టతో! నేను వదలను, అది వదలదు. నీళ్ళు సగం మా ఇద్దరి కాళ్ళ మీదే.

డిసెంబరు 25

ఆరాధనలో పాట పాడలేదు. పెదవులు మాత్రం కదిపాను. సరోజ నా వైపు తిరిగి చూసి, ముందుకు తిరిగి, ఇంకా గట్టిగా పాడింది.

డిసెంబరు 31

బియ్యం ఓ గుడ్డలో మూటకట్టి చేతుల్లో పెట్టుకుని నడిచి చూశాను, పసిబిడ్డంత బరువు. మంచం నుంచి గుమ్మందాకా. సగంలోనే కింద పెట్టాను. సరోజ బజారుకు పోయిన సమయం చూసి చేశాను ఈ వెర్రిపని. అంటని జబ్బని సంతోషించానే, మరి ఎత్తుకోలేని చేతులతో ఏం చేసుకోను?

1959 జనవరి 17, శనివారం

ఆడపిల్ల. పొద్దున తొమ్మిదింటికి. తల్లీబిడ్డా క్షేమం. దేవునికి స్తోత్రం.

ఏం ఏడుపు! ఎంత ఊపిరి! ఒక్క ఏడుపుకు నా వారం రోజుల ఊపిరి ఖర్చుపెట్టింది. కూర్చోబెట్టి ఒళ్ళో పెట్టారు. చాలాసేపు ఉంచుకున్నాను.

జనవరి 27, మంగళవారం

పదకొండో రోజు స్నానం. వియ్యపురాలు తెల్లవారకముందే జగ్గయ్యపేటలో బయల్దేరి వచ్చింది. నవంబరు సంగతి ఎత్తలేదు గాని, పెంకుల వైపు ఒకసారి చూసింది.

నీళ్ళు పోశారు. బాలింతకు గాలి తగలకూడదని తలుపులు, కిటికీ అన్నీ మూసేశారు. కుంపటి నిండా నిప్పులు. సాంబ్రాణి గుప్పెళ్ళతో వేసింది. సరోజ జుట్టు పొగమీద ఆరబెట్టాలి, బిడ్డ మాడుకు పొగ చూపించాలి. నా బాలింతతనంలో మా అమ్మా చేసింది.

"బిడ్డని మీరే పట్టండి వదినగారూ. అమ్మమ్మ చేతులమీదుగా జరగాలి."

వద్దని చెప్పాలి. డాక్టరు చెప్పిన మాట నోటిదాకా వచ్చింది. ఇంకోసారి ఈమె ముందు సాకు చెప్పే ముఖం నాకు లేదు. బిడ్డను తీసుకుని కుంపటి మీదికి వంగాను.

మొదటి ఊపిరి లోపలికి వెళ్ళింది. బయటికి రాలేదు. ఇంకొకటి పీలుద్దామంటే చోటు లేదు. బిడ్డను పడెయ్యకూడదు, నిప్పులు కిందనే ఉన్నాయి — ఆ ఒక్క ఆలోచనే ఉంది. సరోజ ఒళ్ళో ఎలా పెట్టానో తెలియదు. తలుపు ఐదడుగుల దూరం. గడియ దాకా చెయ్యి వెళ్ళింది, తీయలేకపోయింది.

"అమ్మా! అమ్మా గోళ్ళు నీలంగా..." సరోజ కేకలు. బయటి నుంచి మస్తాన్ బీ తలుపు గట్టిగా తోస్తే గడియ ఊడింది.

వియ్యపురాలు ఏడుస్తోంది. "నాకేం తెలుసు వదినా, మంచికే గదా చేసింది..." నిజమే. మంచికే చేసింది.

జనవరి 28

నిన్నటిదంతా ఇవాళే రాశాను. ఇంక రాయలేను. కూర్చునే నిద్ర.

ఫిబ్రవరి 2, సోమవారం

కాంపౌండరు రోజూ వచ్చి ఇంజక్షను ఇస్తున్నాడు. వసారాలో మంచం, మూడు దిళ్ళు. పడుకుంటే మునిగిపోతున్నట్టు ఉంటుంది. చిన్నప్పుడు మున్నేట్లో ఒకసారి కాలుజారి నీళ్ళు మింగాను. అదే భయం, కాకపోతే గట్టు లేదు.

చావంటే భయం లేదని ఎన్ని ప్రార్థనల్లో చెప్పాను! అబద్ధం ప్రభువా. భయమే. చావు కంటే దానికి ముందుండే ఆ ఒక్క నిమిషమంటే.

ఫిబ్రవరి 9

బడికి సెలవు చీటీ పంపించాను. ఎన్నాళ్ళు అన్నచోట ఖాళీ వదిలాను. హెడ్మాస్టరుగారు ఏమైనా నింపుకోనీ.

ఫిబ్రవరి 14, శనివారం

జోసెఫ్ వచ్చాడు. లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను, కాఫీ ఇచ్చాను, మళ్ళీ మంచినీళ్ళిచ్చాను. "చాలండి అత్తయ్యగారూ" అని నవ్వాడు. మూడో నెల రాగానే తల్లీబిడ్డల్ని తీసుకెళ్తామన్నాడు.

"అమ్మని ఇట్టా వదిలేసి ఎట్టా వస్తానండి?" అంది సరోజ.

అతను గ్లాసు కింద పెట్టాడు. వెళ్ళు అనాలి, నా నోటి వెంట రాలేదు. అది వెళ్తే ఆయాసం వచ్చిన పూట పిలవడానికి మనిషి ఉండదు. తల్లినైయుండి ఇంత స్వార్థం.

ఫిబ్రవరి 20

సరోజ నన్ను వంటింటి గడప దాటనివ్వడం లేదు. "డాక్టరు ఏమన్నాడు?" అని వేలు చూపిస్తుంది, నేను పిల్లలకు చూపించినట్టే. బాలింత అని కూడా లేదు, పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే. ఈసారి వచ్చిన పత్తికట్టె సరిగా ఎండలేదు. వసారాలో నా దిళ్ళ మీద కూర్చుని చూస్తుంటాను, పెంకుల సందుల్లోంచి పొగ వస్తూ ఉంటుంది.

అలవాటైన పని కాబట్టి ఇన్నేళ్ళూ దాన్ని చూడలేదు. ఇప్పుడు కూర్చోబెట్టి చూపిస్తున్నారు.

ఫిబ్రవరి 24, మంగళవారం

వంటింట్లోంచి దగ్గు. ముందు నాదే అనుకున్నాను.

పిలిచాను. "ఏం లేదమ్మా, పచ్చికట్టె" అంది. ఎంత తేలిగ్గా అంది! పాప ఏడిస్తే అక్కణ్ణుంచే చెయ్యి చాపి తీసుకుంది. పొయ్యి ముందే కూర్చుని పాలిస్తోంది, రెండో చేత్తో కట్టె ఎగదోస్తూ.

లేవాలి. లేచి ఇద్దర్నీ ఇవతలికి లాగాలి. లాగితే, ఆ పీట మీద కూర్చోవలసింది నేను. నేను కూర్చుంటే ఏమవుతుందో నాకు తెలుసు. నాకు ఆ ఊపిరి కావాలి. నాకింకా బతకాలని ఉంది.

కూర్చునే ఉన్నాను. మళ్ళీ దగ్గింది. ఈసారి ఇంకొంచెం లోపలి నుంచి.

"సరోజా, బయటికి రా తల్లీ."

"అన్నం ఇంకా ఉడకలేదమ్మా."