సెలవు చీటీ కోసం ఎక్కిన డోలీ

అమ్మకి,

నీ చిన్నకూతురు పార్వతి నమస్కారాలు చేసి రాస్తున్నది. అన్నిటికంటే ముందు ఇది చదువు: నేను బాగున్నాను. కూర్చుని, నా చేత్తో నేనే రాస్తున్నాను, అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది. పొద్దున చోడి అంబలి రెండు గిన్నెలు తాగాను. జ్వరం పోయింది. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? అక్కా బావా పిల్లా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నువ్వు అన్నం మానేశావని మామయ్య మా ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాడట. దయచేసి ఈ ఉత్తరం సగం చదివాక లేచి తిని, మిగతాది తర్వాత చదువు.

మొన్న నీతో మాట్లాడుతుంటే ఫోను తెగిపోయింది కదా. "బాగుంటే డోలీలో ఎందుకు మోసీసినారే?" అని నువ్వు ఏడుస్తూ అడిగిన మాట దగ్గరే తెగింది. మళ్లీ చేద్దామంటే సిగ్నల్ కోసం కొండ ఎక్కాలి, మొన్న నీకోసం ఎలాగో ఎక్కాను గానీ ఇంకొన్నాళ్లు ఎక్కకూడదని డాక్టరమ్మ చెప్పింది. పైగా అక్కడ మాట్లాడితే ఊరంతా వింటుంది. అందుకే ఉత్తరం. మా లారీ డ్రైవరు విజయనగరంలో సాలూరు బస్సు కండక్టరుకి ఇస్తానన్నాడు.

మొదటినుంచి చెబుతాను. ఇప్పుడు ఈ అరకు కొండల్లో కాఫీ పండ్ల సీజను. రైతులు కోసిన పండు మా ఆఫీసు ఏ రోజుది ఆ రోజే కొనాలి, మర్నాటికి పులిసిపోతుంది. ఈ ఊళ్లో తూకం వేసేది నేనొక్కదాన్నే. చలి సంగతి అడక్కు, పొద్దెక్కేదాకా పక్కింటి కప్పు కూడా కనపడనంత మంచు. అలాంటి చలిలో ఒకరోజు నాకు వణుకు పట్టుకుంది. చలికే అనుకున్నాను. సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది. ఊళ్లో ఆశా కార్యకర్త దేవి వచ్చి వేలు పొడిచి చూసి మలేరియా అంది, మాత్రలు మింగించింది. భయపడకు, ఇక్కడ మనకి జలుబు ఎలాగో వీళ్లకి మలేరియా అలాగ, మందు ఊళ్లోనే ఉంటుంది.

మందు దొరికింది, సెలవు దొరకలేదు. మా ఆఫీసులో రెండు రోజులు దాటితే డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. లేకపోతే చెప్పకుండా మానేసినట్టే లెక్క, సీజను మధ్యలో ఇంకొకరిని వేసేస్తారు. ఈ ఉద్యోగం కోసం నీతో ఎంత పోట్లాడి వచ్చానో నీకు తెలుసు. దేవి సంతకం ఆఫీసులో చెల్లదు. ఆసుపత్రికి పోదామంటే జీపు సంత రోజునే వస్తుంది. అయితే చేరినప్పుడే ఆఫీసువాళ్లు ఒక నంబరు ఇచ్చారు. వీడియోలో డాక్టరు చూసి, మందు రాసి, సెలవు చీటీ ఫోనుకే పంపుతారు. విశాఖపట్నంలో కూర్చున్న డాక్టరు. అంతా బాగానే ఉంది, సిగ్నల్ మాత్రం ఊరి పైన కాఫీ తోటలు దాటాక ఒక బండ దగ్గర వస్తుంది. దాన్ని వీళ్లు ఫోను రాయి అంటారు.

మూడో రోజు పొద్దున దుప్పటి కప్పుకుని బయల్దేరాను. గుమ్మం దాటగానే బుద్రి పెద్దమ్మ పట్టుకుంది. నేనుంటున్న ఇల్లు ఆవిడదే అని రాశాను కదా.

"ఏటి గుంటా, ఈ ఒంటితో ఎక్కడికెల్తన్నావు?"

"డాక్టరు చీటీ కావాలి పెద్దమ్మా, లేకపోతే ఉద్యోగం పోతుంది."

"సీటీ కోసం కొండెక్కీసి సచ్చిపోతావేటి? కూకో."

కూర్చోలేదు. నా మొండితనం నీకు తెలిసిందే. పది అడుగులు వేశానో లేదో కళ్లు తిరిగి మిరియాల తీగ పట్టుకుని కూలబడ్డాను. పెద్దమ్మ కేక వేసింది. ఆవిడ కొడుకు, అల్లుడు తోటలోంచి గడకర్ర తెచ్చారు. దానికి కట్టడానికి గుడ్డ కావాలంటే నా పక్కమీదున్న చీర లాగారు. ఇలా డోలీ కట్టారమ్మా, ఆసుపత్రికి కాదు, సిగ్నల్‌కి. కిందకి మోసేవాళ్లని చూశాను గానీ పైకి మోయించుకున్నదాన్ని ఈ కొండల్లో నేనే మొదటిదాన్ని అయ్యుంటాను.

ఫోను రాయి దగ్గర అప్పటికే జనం ఉన్నారు. ఒకడు పెళ్లాంతో మాట్లాడుతున్నాడు, ఇంకొకడు బెల్లం ధర కనుక్కుంటున్నాడు. అందరూ ఫోన్లు పెట్టేసి నా చుట్టూ చేరారు. పెద్దమ్మే ఫోను పట్టుకుంది. డాక్టరమ్మకి ముందు ఆవిడ ముక్కుపుడకలే కనపడ్డాయి. ఎన్నాళ్లుగా జ్వరం అని అడిగితే నలుగురు నాలుగు జవాబులు చెప్పారు.

"పేషెంటు ఎవరమ్మా? ఒక్కరే మాట్లాడండి," అంది డాక్టరమ్మ.

నేనే చెప్పడం మొదలుపెట్టాను. వాంతులా, తలనొప్పా అన్నీ అడిగింది. ఆ తర్వాత, కడుపుతో ఉన్నారా, నెలసరి ఎప్పుడొచ్చింది అని అడిగింది. తను కొత్తగా రాసే మాత్రలకి ముందు అది అడగాలట. అంతమంది మగాళ్ల మధ్య నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. పెద్దమ్మ ఒకసారి చుట్టూ చూసి, "అటు తిరగండ్రా," అంది. బెల్లం ధర అడిగేవాడితో సహా అందరూ లోయ వైపు తిరిగి నిలబడ్డారు. ఒక్కడు కూడా నవ్వలేదమ్మా. నేను మెల్లగా జవాబు చెప్పాను.

"మందులు వేళకి వేయించడానికి మీవాళ్లు ఎవరైనా దగ్గరున్నారా?" అంది డాక్టరమ్మ చివర్న.

ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి నాకు ఎవరూ లేరనే అనుకుంటున్నాను. నీకు రాయలేదు గానీ, సాయంత్రం తూకం ముగిసి తలుపు వేసుకోగానే ఏడుపొచ్చేది. వీళ్లు తమలో తాము ఒడియా కలిపి మాట్లాడుకుంటే నాకు సగం అర్థమయ్యేది కాదు. అందుకే లేరండి అని చెప్పబోయాను. పెద్దమ్మ ఫోను తన వైపు తిప్పుకుంది.

"నానున్నాను."

"మీరేమవుతారు?"

"పెద్దమ్మని."

అంతే. అప్పుడు ఏడ్చాను. అది జ్వరం వల్ల కాదు, నీ దగ్గర దాచడమెందుకు.

వారం విశ్రాంతి అని రాసి చీటీ పంపింది డాక్టరమ్మ. ఫోన్లో చక్రం తిరుగుతూ ఉంటే అందరూ వంగి చూశారు, అది రాగానే అక్కడికక్కడే ఆఫీసుకి పంపేశాను. మేనేజరు గారు వెంటనే జవాబిచ్చారు: జ్వరంతో ఉన్న మనిషి ఫోను రాయి దాకా ఎలా ఎక్కింది అని. ఆయన ఈ ఊరు తిరిగిన మనిషే, అనుమానం రావడంలో తప్పు లేదు. పెద్దమ్మ అల్లుడికి ఒళ్లు మండింది. తిరిగి దిగేటప్పుడు బెల్లం ఆయన చేత నన్ను డోలీలో వీడియో తీయించి, మళ్లీ పైకెళ్లి మేనేజరుకి పంపాడు. ఆయన సెలవు ఇచ్చేశారు, జీతం కూడా కొయ్యనన్నారు. ఆ వీడియో ఆఫీసు గ్రూపులో పడి, అక్కడినుంచి ఊళ్లు తిరిగి, ఎవడో పుణ్యాత్ముడు "ప్రాణాపాయంలో యువతి" అని పైన రాసి, చివరికి మీ సాలూరు చేరింది. నిన్ను ఏడిపించింది నా సెలవు చీటీకి సాక్ష్యం అమ్మా, ఇంకేమీ కాదు.

ఆ వారమంతా పెద్దమ్మ అరుగు మీద ఎండలో పడుకున్నాను. దేవి పూటపూటా వచ్చి మాత్ర మింగానో లేదో నోరు తెరిపించి చూసింది. పెద్దమ్మ రాజ్మా గింజలు ఉడకబెట్టి, ఎండబెట్టి దాచిన లేత వెదురు కొమ్ముల కూర వండి పెట్టింది. మొన్న సోమవారం మళ్లీ తూకం దగ్గర నిలబడ్డాను. రైతులు బస్తాలు దించి, ముందు నన్ను కూర్చోమని తర్వాత తూయమన్నారు.

మామయ్య నన్ను తీసుకెళ్లడానికి వస్తున్నాడనీ సామాను సర్దుకోమన్నావనీ ఆఫీసులో విని డ్రైవరు చెప్పాడు. సర్దుకోలేదు. కోపగించుకోకు. ఆ వీడియో నువ్వు ఇంకోసారి చూడు. నా మొహం కాదు, నేను పడుకున్న గుడ్డ చూడు. ఆకుపచ్చ అంచు కనపడుతుంది. చలికి పక్కమీద వేసుకోమని నా సంచిలో నువ్వు కుక్కిన నీ పాత చీరే అది. అందులో ఊగుతూ కొండెక్కుతుంటే, చిన్నప్పుడు మన ఇంటికప్పు పెణకకి నువ్వు కట్టిన ఉయ్యాల గుర్తొచ్చి కాసేపు నిద్రపోయాను కూడా. గడకర్ర రాసుకుని ఆ చీర ముడి దగ్గర చిరిగింది. ఇంకో చీర పంపు. పెద్దమ్మకి కూడా ఒకటి, నీలం రంగుది.

మామయ్య చేత పంపొద్దు, ఆయన బదులు నువ్వే రా. అక్క కొత్తవలసలో రైలెక్కిస్తుంది, అరకులో నేను దింపుకుంటాను. నీ మోకాళ్ల సంగతి పెద్దమ్మకి చెప్పాను. "అయితే ఏటి, రమ్మను. డోలీ కట్టీసి తెస్తాం," అంది. అల్లుడు అప్పుడే కొత్త గడకర్ర నరికి చూరు కింద ఆరబెట్టాడు. నీ బరువెంతో కనుక్కోమంటున్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడుగుతున్నాడు, కనుక్కుని చెప్పు.

తాతకీ మామయ్యకీ నా నమస్కారాలు, పిల్లకి ముద్దులు. నీ దీవెన నాకు ఎప్పుడూ ఉండాలి.

నీ కూతురు,
పార్వతి