రోము మెట్ల మీద పులిహోర

మేరీ,

పిల్లలతో రోము వెళ్ళి నిన్ననే దోహాలో అమ్మాయి ఇంటికి తిరిగొచ్చాం. జీవితమంతా పుస్తకాల్లో చదివిన నగరంలో నేను ఎక్కువగా వెతికింది పిల్లలకు బాత్రూములే. మ్యూజియంలోకి అల్లుడు అడుగు పెట్టనివ్వలేదు. "చంటిపిల్లలతో ఎందుకు మామయ్యా" అన్నాడు. మరి రోము తెచ్చిందెందుకో!

సూట్‌కేసులో మోసుకెళ్ళిన కుక్కర్లో అమ్మాయి వండిన పులిహోరని ఓ చర్చి మెట్ల మీద విప్పాం. నేను ముద్ద ఎత్తగానే ఐదేళ్ళ మనవరాలు నా చెయ్యి పట్టుకుంది.

"తాతా, ఆగు! ప్రార్థన చెయ్యలేదు."

నువ్వు నేర్పిన మాటలే, తెలుగులోనే, గట్టిగా చెప్పింది. "అక్కతోనే మీ ఇంట్లో ప్రార్థన పోయింది బావా, ఇక మీ పుస్తకాలే" అని నీ సమాధి దగ్గర దెప్పిన మీ పాస్టరు తమ్ముడికి పొద్దున్నే ఫోన్ చేసి ఇదంతా వినిపించాను.

నేను మాత్రం కళ్ళు మూసుకోలేదు. పావురాల నుంచి పులిహోరను ఎవరో ఒకరు కాపాడాలి కదా.