ఖాళీ పేజీ మీద సంతకం

దిల్‌సుఖ్‌నగర్,
గురువారం.

స్తెఫను అన్నకు వందనాలు.

పొద్దున్నించి మూడుసార్లు నీ నంబరు నొక్కి, నువ్వు ఎత్తేలోపే కట్ చేశాను. నోటితో చెప్పలేక రాస్తున్నాను. రాయడానికి కూర్చుని కూడా ఇప్పటికి నాలుగుసార్లు లేచాను.

చెత్త యార్డు తీర్మానం మీద ఉన్న సంతకం నాదే. "మా చెల్లె గట్ల పెట్టది, గది దొంగ సంతకం" అని నువ్వు పంచాయతీ ఆఫీసు ముందు కొట్లాడుతున్నావని వదిన చెప్పింది. ఇక కొట్లాడకు.

పిల్లల కోచింగ్ కోసం ఇక్కడ కిరాయికి దిగినప్పటి నుంచి నేను ఒక్క మీటింగుకూ రాలేదు. పంచాయతీ రాతకోతలు చూసే కారోబారే తీర్మానాల పుస్తకం పట్టుకుని మెట్రో మెట్ల దగ్గరికి వస్తాడు. "జర జల్దీ పెట్టక్కా, నా బస్సు పోతది" అంటాడు. పేజీ ఖాళీగా ఉంటుంది, రాసేది తర్వాత రాసుకుంటారు. వార్డు మెంబర్లం చాలామందిమి అలాగే పెడతాం. ఏ బోరు రిపేరో, వీధి లైట్లో అయి ఉంటుందనుకునేదాన్ని.

ఈసారి ఆ పేజీలో మన సమాధుల పక్క జాగా రాశారు. ఊరి చెత్తంతా అమ్మ సమాధికి పది అడుగుల దూరంలో పోస్తారట. నాకు ఓటేయమని ఇంటింటికీ తిరిగిన నీకు ఈ మాట ఎట్లా చెప్పను?

సోమవారం గ్రామసభకు వస్తున్నాను. చదవకుండా పెట్టానని అందరి ముందూ నేనే చెప్తాను. మెంబరు పదవి పోతే పోనీ. నువ్వు నన్ను వెనకేసుకు రావద్దు, వచ్చి వెనక వరసలో కూర్చుంటే చాలు.

ఈ ఉత్తరం మాత్రం రెండుసార్లు చదువుకున్నాకే కింద సంతకం పెడుతున్నాను.

నీ చెల్లెలు