మణికట్టు విన్న మాట

హెహె నాన్నగారికి,

సూలాన్ రాసే సంగతులు. ఇక్కడ అందరం వేళకి తింటున్నాం, తిరుగుతున్నాం. ఆ ఇసుక నేలలో, నూనె బావుల దగ్గర మీరూ అలాగే ఉన్నారనుకుని మనసు సరిపెట్టుకుంటున్నాను. మీ ఉత్తరం వచ్చేసరికి పెండలం తవ్వకాల్లో ఉన్నాం. ఆ దుంపల జిగురుకి చేతులు దురదలెక్కి కలం పట్టుకోలేకపోయాను. అందుకే జవాబు ఆలస్యమైంది, కోపం తెచ్చుకోకండి.

ముందు మీరడిగినవి చెబుతాను. గుడ్డ బూట్లు బొటనవేలి దగ్గర బిగువుగా ఉన్నాయన్నారు. నాలుగు రోజులు తొడిగితే అవే వదులవుతాయి. అప్పటికీ అవకపోతే తప్పు మీ పాదాలదే కానీ నా కుట్టుది కాదు. హెహెకి కింది పన్ను ఊడింది. ఇంటికప్పు మీదకి విసరమంటే బలమంతా పెట్టి విసిరింది, అది వెళ్ళి పక్కింటి వు పిన్ని పెరట్లో పడింది. ఇప్పుడు తనకి పన్ను రాదనీ, పిన్నికే వస్తుందనీ ఒకటే ఏడుపు. మామయ్య దగ్గు కలకండ వేసి ఉడికించిన బేరిపళ్ళతో కాస్త నెమ్మదించింది. మీ నాన్న చిక్కారా అని కూడా అడిగారు. దానికి జవాబు చివర రాస్తాను.

కొత్త సంవత్సరానికి సెలవు దొరకదని రాశారు. ఆ ముక్క హెహెకి చదివి వినిపించలేదు. మామయ్యకి వినిపించాను. "పని వదిలి ఎలా వస్తాడ్లే" అని లేచి వెళ్ళి వాకిలి ఊడ్చారు. అప్పటికే ఒకసారి ఊడ్చి ఉన్నారు.

నాన్న తోపు విద్య సాధన చేస్తున్నారా, ఎవరితో అన్నారు. ఇంకెవరున్నారు, నాతోనే. శిష్యుల్లో కొందరు ఇటుక బట్టీలకి పోయారు, మిగతావాళ్ళు జిల్లా ఊళ్ళో వస్తాదు టాంగ్ పెట్టిన కొత్త శాలకి పోయారు. అక్కడ నేలంతా పరుపులట, గోడంతా అద్దమట. మీరు బస్సెక్కుతూ నాకేం చెప్పారో గుర్తుందా? "పొద్దున్నే కాసేపు నాన్న ఎదుట నిలబడు. చేతులు తోసుకోవడానికి మనిషి లేకపోతే ఆయన ఉండలేరు. ఆయన తోసినప్పుడు వెనక్కి ఎగురు, అది పద్ధతి" అన్నారు. పెద్దవాళ్ళకి టీ రెండు చేతులతో అందిస్తాం కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాను. ఎందుకు ఎగరాలని అడగలేదు. మీరూ చెప్పలేదు.

మొదట్లో ఎంత చిరాకు పడేదాన్నో. వంటింట్లో పిండి పులుస్తుంటే నేను వాకిట్లో మామయ్య మణికట్టుకి మణికట్టు ఆనించి తిరగలి తిప్పినట్టు తిప్పుతూ నిలబడాలి. నేను బలం పెడితే ఆయన అక్కడ ఉండరు. నేను వదిలేస్తే నా మీదికే వచ్చేస్తారు. "ఎదిరించకు, వదలకు. ఏంటమ్మాయ్, నా చెయ్యేమైనా వేడి మూకుడా? ఆనించు" అనేవారు. కళ్ళు మూసుకోమని, "ఇప్పుడు నా బరువు ఏ కాలి మీదుంది, విని చెప్పు" అనేవారు. చేత్తో వినడమేమిటో, ఈ ముసలాయన చాదస్తమేమిటో అనుకునేదాన్ని.

ఎండాకాలం దాటేసరికి వినపడటం మొదలైంది. ఆయన ఎడమకాలి మీద ఉన్నారో కుడికాలి మీద ఉన్నారో తెలిసేది. దగ్గు గొంతులోకి రాకముందే చేతిలోకి వచ్చేది, నేను ఆగేదాన్ని. ఆయన వినికిడి ముందు నాదెంత! హెహె ఒకరోజు పుల్లకి గుచ్చిన పాకం పళ్ళు తినలేదని బొంకితే దాని మణికట్టు రెండు వేళ్ళతో పట్టుకుని, "నోరు తినలేదంటోంది, చెయ్యి తిన్నానంటోంది, ఎవర్ని నమ్మమంటావే?" అన్నారు. అది చెయ్యి వీపు వెనక దాచుకుని పరిగెత్తింది. ఆ రోజుల్లో సంతోషంగానే ఉన్నాం. నేను కూడా పొద్దున్నే ఆయనకంటే ముందు వాకిట్లోకి వచ్చేదాన్ని.

ఆయన తోసినప్పుడల్లా మీరు చెప్పినట్టే ఎగిరేదాన్ని. నాలుగడుగులు వెనక్కి ఎగిరి, గోడకి తగిలి, "అమ్మో మామయ్యా!" అనేదాన్ని. ఆయన మొహం వెలిగిపోయేది. "అసలు సగం బలం కూడా పెట్టలేదు" అనేవారు.

ఇక టాంగ్ సంగతి. మొక్కజొన్న కోతలయ్యాక సంతలో నలుగురి ముందూ అన్నాడట, "గువో ముసలాయన ఊదితే శిష్యులు ఎగిరిపడతారట కదా. ఒకసారి నన్ను ఊదమనండి చూద్దాం" అని. ఆ మాట మోసుకొచ్చింది మన వు పిన్నే. మామయ్య నవ్వి, "కొత్త సంవత్సరం దీపాల పండగ తర్వాత తిరునాళ్ళకి రమ్మను. ఓడినవాడు తన శాల గుమ్మం మీది పేరు పలక దించాలి" అన్నారు. ఆయనకి భయమెందుకు ఉంటుంది? యౌవనం నుంచి ఇప్పటిదాకా ఆయన తోసిన ప్రతివాడూ ఎగిరాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ తెలిసిపోయింది. వడ్రంగులు అప్పుడే వేదికకి కొలతలు తీసుకుపోయారు.

ఇంతలో పెండలం తవ్వకాలు వచ్చాయి. ఆ గోతులు నడుం దాటి ఉంటాయని మీకు తెలుసు. దిగబోతుంటే చీలమండ బెణికింది. వాచి గుమ్మడికాయంత అయింది. ఈ సంగతి మీకు రాయొద్దనుకున్నాను కానీ రాయకపోతే మిగతాది అర్థం కాదు.

మర్నాడు కుంటుకుంటూనే వాకిట్లోకి వెళ్ళాను. "కదలొద్దులే, నిలబడి తిప్పుదాం" అన్నారు. తిప్పాం. అలవాటుగా ఆయన అరచెయ్యి నా భుజం మీదకి వచ్చింది, తోశారు. నేను ఎగరలేను కదా, ఉన్నచోటే ఉండిపోయాను.

ఏమీ కాలేదు. హెహె నా చొక్కా అంచు లాగితే ఎంత తెలుస్తుందో అంత తెలిసింది. ఆయన మళ్ళీ తోశారు. ఈసారి ఊపిరి బిగబట్టి నడుం తిప్పి మరీ తోశారు. నేను అలాగే నిలబడ్డాను, కుంటికాలి మీద.

ఎందుకు ఎగరమన్నారో నాకప్పుడు తెలిసింది. ఆయనకేమో ఆనందం! "అమ్మాయ్! వచ్చేసిందే నీకు! నా తోపు మొత్తం నేలలోకి దింపేశావు! మా వంశంలో ఇంత తొందరగా ఎవరికీ రాలేదు" అని వాకిలంతా తిరిగారు. నేను తల వంచుకున్నాను. సిగ్గుపడుతున్నాననుకున్నారు.

అప్పుడే వు పిన్ని జల్లెడ కోసం వచ్చింది. మామయ్య ఊరుకోవచ్చు కదా. "రా చెల్లెమ్మా, మా కోడల్ని తొయ్యి. కదిపితే జల్లెడ నీకే ఇచ్చేస్తా" అన్నారు.

"నాకెందుకన్నయ్యా ఈ వయసులో కుస్తీలు? కుంటిదాన్ని తోశానని ఊరంతా ఆడిపోసుకుంటుంది."

"తొయ్యవే తల్లీ, నువ్వు కాదు కదా ఎద్దు వచ్చినా కదలదు."

పిన్ని చేతికున్న మట్టి దులుపుకుని నన్నొక్క తోపు తోసింది. నేను వెళ్ళి క్యాబేజీల గుట్టలో కూర్చున్నాను. హెహె పకపకా నవ్వింది. పిన్ని కూడా నవ్వి, "ఎద్దుదాకా ఎందుకన్నయ్యా, ఈ ముసలి ఆవు చాల్లే" అని జల్లెడ పట్టుకుపోయింది.

మామయ్య నవ్వలేదు. నన్ను లేపలేదు కూడా. తన అరచేతులు తిప్పి చూసుకుంటూ నిలబడిపోయారు. వు పిన్ని తోస్తే పడినదాన్ని ఆయన తోస్తే ఎందుకు నిలబడగలిగానో లెక్క తేలడానికి ఆయనకి ఎంతోసేపు పట్టి ఉండదు. లోపలికి వెళ్ళి పడుకున్నారు. చేత్తో సాగదీసి నూడుల్స్ చేసిపెడితే గిన్నె ముట్టుకోలేదు.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. ఇన్ని కబుర్లు రాసింది దీని దగ్గరికి రావడానికి ధైర్యం చాలకే.

మూడో రోజు పొద్దున్నే నన్ను పిలిచారు. మంచు పడి వాకిలి తెల్లగా ఉంది. మణికట్టు ఆనించమన్నారు, ఆనించాను. తిప్పడం మొదలుపెట్టాం. ఎప్పటికంటే మెత్తగా ఉంది చెయ్యి. తిప్పుతూ తిప్పుతూ మీ సంగతే అడిగారు, "అమ్మాయ్, మింగ్‌యువాన్ కూడా ఎగిరేవాడా?"

"లేదు మామయ్యా. ఆయన నిజంగానే పడేవారు" అన్నాను.

నోటితో బాగానే అన్నాను. కానీ మణికట్టు ఆయన మణికట్టు మీద ఉంది కదా! తీసేద్దామనుకున్నాను, వదలకు అని నేర్పింది ఆయనే. ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తిరిగింది.

"వాడి చెయ్యి కూడా ఇలాగే చెప్పేది" అన్నారు. "చిన్నప్పటినుంచీ. అందరి చేతులూ చెప్పేవి. నేనే తప్పు విన్నాననుకున్నాను."

నాకు ఏడుపు ఆగలేదు. "తిరునాళ్ళకి వెళ్ళొద్దు మామయ్యా. దగ్గు ఎక్కువైందని చెబుదాం. నేను వెళ్ళి చెబుతాను" అన్నాను.

"దగ్గుందని పలక దించుకోనా?" అన్నారు. తర్వాత అన్న మాట మీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "నా వయసంతా ఈ వాకిట్లోనే గడిచింది. ఒక్కడంటే ఒక్కడు నన్ను నిజంగా తొయ్యలేదు. ఆ టాంగ్ అయినా తోస్తాడు కదా, వెళ్ళనీ."

నేనెంత చెప్పినా వినలేదు. ఊళ్ళో పెద్దల్ని పంపించాను. వాళ్ళు టీ తాగి, వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోయారు. వాళ్ళు మాత్రం ఏ మొహంతో అంటారు, వాళ్ళంతా ఆ వాకిట్లో ఎగిరినవాళ్ళే. టాంగ్ శాలకి కూడా వెళ్ళాను. మర్యాదగానే మాట్లాడాడు. "జాగ్రత్తగా తోస్తానమ్మా, తోయకుండా మాత్రం ఉండలేను. చద్ది మూటలు కట్టుకుని జనం వస్తున్నారు" అన్నాడు. పెద్ద గోడద్దంలో నా అవతారం నాకే కనపడుతుంటే ఇంకేమీ అడగలేక వచ్చేశాను.

మీ మీద కోపం వచ్చింది, దాచుకోను. నాన్నని సంతోషపెట్టాలనే ఎగిరారని తెలుసు, నేనూ అందుకే ఎగిరాను. కానీ ఒక్కరోజు, ఒక్కరైనా, ఆయన ఇంకా కుర్రవాడిగా ఉన్నప్పుడు ఊరికే నిలబడి ఉంటే, ఆయన మళ్ళీ మొదటినుంచి నేర్చుకునేవారు. వినడం వచ్చినవాడికి తోయడం రాదా? ఇప్పుడిక ఏ దారీ లేదు.

నాన్న చిక్కారా అని అడిగారు కదా. ఈ మధ్య ఒకరోజు నన్ను ఎదురుగా నిలబెట్టి, "తొయ్యి, నిజంగా తొయ్యి. ఎలా ఉంటుందో ముందే తెలియాలి" అన్నారు. చేతులు రాలేదు. కసిరారు. తోశాను. ఆ దూది కోటు లోపల మనిషే లేడండీ. వెనక్కి వెళ్ళిపోతుంటే భయమేసి ఆయన కోటు చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయన నా వేళ్ళు ఒక్కొక్కటే విడిపించారు.

"పట్టుకోకు. టాంగ్ పట్టుకోడు కదా" అన్నారు.

రోజూ తోస్తున్నాను. రోజూ పడుతున్నారు. కింద గోధుమగడ్డి పరిచాను. లేచిన ప్రతిసారీ మొహంలో ఏదో కొత్త సంగతి తెలుసుకున్నట్టు ఉంటుంది, అది చూడలేక హెహెని వు పిన్ని ఇంటికి పంపేస్తున్నాను.

తిరునాళ్ళు అయ్యేలోపు మీరు రాలేరు. ఎప్పుడో సెలవు దొరికి వచ్చేనాటికి ఆయన మంచం మీద ఉంటారో, ఎలా ఉంటారో నాకు తెలియదు. ఎలా ఉన్నా ముందు మీ మణికట్టు అడుగుతారు. ఆనించండి. ఆ చెయ్యి మిమ్మల్ని తోస్తే, చొక్కా అంచు లాగినంత కూడా తెలియకపోయినా సరే, ఎగరకండి.

ఇట్లు,
హెహె అమ్మ,
మీ సూలాన్