చల్లారిన కబురు

నంది హిల్స్,
15 జూలై 2019.

గౌరవనీయులైన సిటియెనే బాబాయికి,

జెప్లెటింగ్ నమస్కరించి రాసేది. మీరు, పిన్ని, ఈనబోయే ఆవు క్షేమమని తలుస్తాను. ఇక్కడ వాన, బురద, నేను ఎప్పటిలాగే ఉన్నాం. మీరు ఇంటికి వెళ్లి మూడు వారాలైనా టీ ఆకు ఆరబెట్టే యంత్రం దగ్గర మీ కుర్చీ ఖాళీగానే ఉంది. మీ బదులు వచ్చిన కిబోర్ నిలబడే పని చేస్తున్నాడు. అడిగితే, "ముసలాయన తిరిగొస్తే నా వీపు విమానం మోతే అక్కా" అంటాడు.

అసలు సంగతికి వస్తాను. మూడుసార్లు ఆకు మాడింది. మూడుసార్లూ యంత్రం తెర మీద వేడి మామూలుగానే ఉంది. మీరు నిద్రపోయి ఆకును ఎక్కువసేపు వదిలేశారని, మాడిన వాసన వచ్చాక కంగారుగా చల్లగాలి తలుపు తెరిచారని నివేదికలో రాశారు. ఇరవై ఆరేళ్లు పనిచేసిన మిమ్మల్ని ఆ ఒక్క కాగితం చూపించి పంపేశారు. ఆ రోజు మీరు, "నా ముక్కుకి ముందే తెలిసిందే పిల్లా, మీ సెన్సర్ చల్లారిన కబురు చెబుతుంది" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సెన్సర్ అంటే మిరియపు గింజంత పూస. అది వేడెక్కితే దానిలో కరెంటుకు అడ్డు తగ్గుతుంది. దాన్ని బట్టి తెర మీద అంకె పడుతుంది. కానీ ముందు ఆ పూస వేడెక్కాలి కదా. దానికి ఆరు సెకన్లు చాలని లెక్కలో ఉంది. బకెట్ నీళ్లలోంచి తీసి, పొద్దున పది గంటలకు తాగే టీ ఫ్లాస్కులో ముంచి కొలిచిన లెక్క అది. యంత్రంలో ఆ పూస ఉక్కు గొట్టంలో ఉంటుంది, చుట్టూ ఉండేది టీ కాదు, గాలి. ఈ సంగతి ఎవరికీ తట్టలేదు.

నిన్న ఆదివారం, ఆకు లేనప్పుడు పొయ్యి వెలిగించి, గొట్టంతో సహా కొలిచాను. డెబ్బై సెకన్లు. పొయ్యిలో ఎండిన నీలగిరి కట్టె భగ్గున అంటుకుంటే ఎగిసే వేడి నిమిషం కూడా ఉండదు. సెన్సర్ తెలుసుకునే లోపే అది వచ్చి పోతుంది. నిద్రపోయింది మీరు కాదు బాబాయ్.

కొత్త లెక్క మేనేజరు చూశారు. నోటీసు బోర్డు మీద పాత లెక్క పక్కనే అంటించాం. "పెద్దాయన్ని గురువారం పొద్దుటి షిఫ్టుకి రమ్మని రాయి" అన్నారు. పిన్నికి నా నమస్కారాలు.

మీ
జెప్లెటింగ్

తా.క. మొదటి నివేదిక నైరోబీ నుంచి వచ్చిందని మేనేజరు మీతో అన్నారు. కాదు. ఆరు సెకన్లని కొలిచింది నేను, మీరు నిద్రపోయారని రాసింది కూడా నేనే. గురువారం బోర్డు మీద పాత లెక్క కింద నా సంతకం చూసి మీరు తెలుసుకోకముందే నేనే చెప్పాలనిపించింది. సిగ్గుగా ఉంది బాబాయ్. ఆ టీ ఫ్లాస్కు మీదే. సెన్సర్ ముంచాలని అడిగితే, ఒక్క గుక్కయినా తాగకుండా నా చేతికిచ్చారు.