వరుసలో మొదటి చోటు

తిరుపతి, 12-8-83, శుక్రవారం

క్యాన్సరు నా వెన్నెముకకు పాకిందని వేలూరులో రేడియేషన్ కరెంటు పెట్టారు. గురి తప్పకుండా డాక్టర్లు వీపు మీద ఊదారంగు గీతలు గీసి, చికిత్స ముగిసేదాకా అవి చెరిగేలా నీళ్లు పోసుకోవద్దన్నారు. దాయాది శేషాచారికి అదే సాకుగా దొరికింది. స్నానం లేనివాడికి గుడిలో పాశురాలు చదివే వరుసలో చోటు లేదని శాస్త్రం చెప్పి, ముప్ఫై ఏళ్లుగా నేను కూర్చునే మొదటి చోట తాను చేరాడు. ఆ శాస్త్రం వాడికి నేర్పింది నేనే.

చికిత్స ముగిసింది. ఈరోజు తలారా స్నానం చేసి, చేతికర్ర లేకుండా గుడికి నడిచాను.

"అంతసేపు యాడ కూర్చుంటావన్నా? ఆ గోడకు ఆనుకోరాదా?" అన్నాడు శేషాచారి.

"నా నడుము సంగతి నీకెందుకురా? లెయ్," అన్నాను.

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. వాడు లేచాడు.

గంటసేపు నిటారుగా కూర్చుని చదివాను. ఎక్కడా నొప్పి లేదు. రెండుచోట్ల వాడు తప్పు చదివితే గట్టిగా దిద్దాను. అవసరానికి మించి గట్టిగానే.

డాక్టరు నొప్పి తగ్గుతుందన్నాడు గానీ జబ్బు పోతుందనలేదు. ఎన్నాళ్లని నేనూ అడగలేదు. ఆ మాట మాత్రం శేషాచారి చెవిన పడకూడదు. రేపు వాడికంటే ముందే వెళ్లి కూర్చోవాలి...