మట్టి పూసిన చెయ్యి
ఆగస్టు 1974, గురువారం

ఇయ్యాల దవాఖానల డాక్టర్ సాబ్‌తోని లొల్లి పెట్టుకున్న. గెలిచిన.

ధూల్‌పేట్‌ల విగ్రహాలు చేసే శంకరన్న వచ్చిండు. మొన్న చేతికి ఇనుప తీగ గుచ్చుకుంటే, దేవుని మట్టి కన్న మందేముందని గాయానికి గణపతి మట్టే పూసిండట. చెయ్యి మోచేతి దాకా వాచింది, ఒళ్లు కాలుతున్నది.

ఆయన రక్తం లాబ్‌ల నేనే చూసిన. తెల్లకణాలు తక్కువున్నయి. "చీము పడితే పెరగాలె గదమ్మా. గోలీలిచ్చి ఇంటికి పంపు" అన్నడు డాక్టర్ సాబ్.

"తక్కువున్నయనే నా భయం సాబ్. స్లైడ్ మీరే చూడుండ్రి" అన్న. ఎదిగిన కణాలు క్రిములతోని కొట్లాడి అయిపోయినయి. ఇగ ఎముకల మూలుగ ఎదగని కణాలనే తోలుతున్నది, పండుగ దగ్గరపడితే తడి ఆరని బొమ్మలనే బండికెక్కించినట్టు.

సాబ్ మస్తుసేపు మైక్రోస్కోపుల చూసిండు. వార్డుల చేర్చుకొమ్మని చీటీ రాసిండు.

వార్డుకు పోతపోత శంకరన్న అడిగిండు, "అక్కా, గణపతులకు కండ్లు దిద్దేది ఈ చెయ్యే. ఉంటదా?"

"ఉంటది" అన్న, దబ్బున.

కణాల సంగతి స్లైడ్ చూసి చెప్పిన, దానికి నాకు ఫికర్ లేదు. గాని చెయ్యి ఉంటదని ఏ స్లైడ్ చూసి చెప్పిన?